ఇరుక్కున్న తూటా, ఇంటికి రాసిన ఉత్తరం

ఒకదానిలో ఒకటి ఇరుక్కుపోయిన రెండు గ్లాసులను విడదీయాలంటే మన ఇళ్ళలో తలా ఒక సలహా చెబుతారు. లోపలి దానిలో చన్నీళ్ళు పోయమని ఒకరు, బయటి దానిని వేన్నీళ్ళలో ముంచమని మరొకరు. 1967లో వియత్నాం కొండల మీద అమెరికన్ సైనికుల తుపాకులలో ఇరుక్కున్నది కూడా అటువంటి ఇత్తడి గొట్టమే. అయితే అక్కడ సలహా చెప్పే నాథుడు లేడు.

అప్పటివరకు వారి చేతిలో ఉన్నది ఎం-14. బరువైనదైనా నమ్మదగినది. దాని స్థానంలో వచ్చింది ఎం-16. యూజీన్ స్టోనర్ రూపొందించిన ఎ.ఆర్-15కు ఇది సైనిక రూపం. బరువు సుమారు మూడు కిలోలు, తూటా 5.56 మి.మీ. 1965 నవంబరులో ఇయా డ్రాంగ్ లోయ యుద్ధంలో ఇది బాగానే పనిచేయడంతో సేనాధిపతి వెస్ట్‌మోర్‌లాండ్ ఇంకా కావాలని కోరాడు. 1967 వసంతంలో మెరైన్ దళాలకు కూడా అందింది. అందిన కొద్ది వారాలకే, ఏప్రిల్ చివరలో, ఖే సాన్ కొండల పోరు మొదలైంది.

తూటా పేలినప్పుడు దాని ఇత్తడి తొడుగు ఉబ్బి, తానున్న గది గోడలకు అతుక్కుంటుంది. ఒత్తిడి తగ్గగానే కొద్దిగా ముడుచుకుని వదులవుతుంది. అప్పుడు బోల్టుకున్న కొక్కెం దాని అంచును పట్టి బయటకు లాగివేయాలి. ఆ నేల తేమకు గది తుప్పుపట్టి గుంతలు పడితే తొడుగు కదలదు. కొక్కెం అంచును చీల్చుకుని ఉత్తదిగా వెనక్కు వస్తుంది. ఇక మిగిలిన ఉపాయం ఒక్కటే. తుపాకి మూతిలోంచి శుభ్రపరిచే కడ్డీని దూర్చి, తొడుగును వెనక్కు పొడవాలి. ఎదుట శత్రువు కాలుస్తుండగా చేయవలసిన పని ఇది! ఆ కడ్డీలు కూడా అందరికీ చాలినన్ని లేవు. ఈ తుపాకిని పెద్దగా శుభ్రపరచనక్కరలేదన్న మాట అంతకుముందే ప్రచారంలో ఉంది.

దోషం తుప్పు ఒక్కదానిదే కాదు. స్టోనర్ తన తుపాకిని ఒక రకం మందుకు సరిపోయేలా తయారుచేశాడు. 1964లో సైన్యం తూటాలలో మరో రకాన్ని, బాల్ పౌడరును, అనుమతించింది. దానితో కాల్పుల వేగం హద్దు మీరింది. తొడుగు గోడను వదలకముందే బోల్టు దానిని గుంజసాగింది. మసి కూడా ఎక్కువే. ఎం-14 గదికి క్రోమియం పూత ఉండేది. పసిఫిక్ ద్వీపాల యుద్ధంలో తుప్పుతో పడిన పాట్లు నేర్పిన పాఠం అది. కొత్త తుపాకికి ఆ పూత వేయలేదు. నన్ను అన్నిటికన్నా ఆశ్చర్యపరచినది ఈ మతిమరుపే.

అధికారుల తొలి జవాబు, సైనికులు శుభ్రంగా ఉంచుకోవడం లేదని. కడ్డీ ఇవ్వకుండా శుభ్రత అడగడం ఏ న్యాయమో! అందుచేత కుర్రవాళ్ళు పైవారిని వదిలి ఇంటికి రాసుకున్నారు. కడ్డీలు, బ్రష్షులు, నూనె పంపమని అమ్మానాన్నలను అడిగారు. ఒక మెరైన్ రాసిన ఉత్తరాన్ని 1967 మేలో న్యూజెర్సీ ప్రతినిధి జేమ్స్ హోవర్డ్ సభ దృష్టికి తెచ్చాడు. తన తోటివారిలో చాలామందిని చంపింది తమ తుపాకేనని, చనిపోయినవారి పక్కన విప్పదీసిన తుపాకులు పడి ఉన్నాయని అందులో ఉంది. అది కోపంలో ఉన్న యువకుడి మాట, లెక్క తీసి చెప్పినది కాదు. అయినా అధికార నివేదికలు కదిలించలేని వారిని అది కదిలించింది.

రిచర్డ్ ఐకార్డ్ అధ్యక్షతన ఏర్పడిన ఉపసంఘం స్టోనర్‌ను కూడా పిలిచి విచారించింది. మందు మార్పును తాను సమర్థించలేదని ఆయన చెప్పాడు. తూటాల లోపాన్ని సరిదిద్దకపోవడం నేరపూరిత నిర్లక్ష్యానికి దగ్గరగా ఉందని అక్టోబరులో వచ్చిన నివేదిక మొహమాటం లేకుండా రాసింది.

ఆ తరువాత గదికి క్రోమియం పూత వచ్చింది, బఫర్ మార్చి బోల్టు జోరు తగ్గించారు, కడ్డీలు పంచారు. 1968లో ప్రఖ్యాత చిత్రకారుడు విల్ ఐస్నర్ చేత బొమ్మల పుస్తకం వేయించి, తుపాకి శుభ్రం చేయడం నేర్పారు. మరికొంత కాలానికి తుపాకి మడమలో చిన్న తలుపు పెట్టి, ముక్కలుగా విడదీసిన కడ్డీ అందులోనే ఇమిడేలా చేశారు.