పడవెక్కిన దండు

నిర్మల్ జిల్లా కడెం మండలంలో ఉంది అల్లంపల్లి. చుట్టూ టేకు అడవి, వాగులు, గోండు గూడేలు. 1987లో అక్కడ పీపుల్స్‌వార్ నక్సలైట్ల దళం మాటు వేసి పోలీసుల్ని చంపింది. అప్పటి పోలీసుకు అడవంటే జీపు పోయినంత దూరమే. ఆ ఏడాది చివర్లో అప్పటి తూర్పు గోదావరి మన్యంలోని గుర్తేడు దగ్గర నక్సలైట్లు ఏకంగా ఐఏఎస్ అధికారుల్నే ఎత్తుకుపోయారు. ఇక ఖాకీ బట్టలతో, జీపులతో అయ్యే పని కాదని సర్కారుకు అర్థమైంది. 1989లో గ్రేహౌండ్స్ అనే ప్రత్యేక పోలీసు దళం పుట్టింది. దాన్ని కట్టినవాడు పోలీసు అధికారి కె.ఎస్. వ్యాస్.

తుపాకీ పేల్చడం ఏ పోలీసుకైనా వస్తుంది. గ్రేహౌండ్స్‌లో ముందు నేర్పేది నడక. చిన్న జట్టుగా పోవాలి. బండెక్కొద్దు, రోడ్డు పట్టొద్దు. రాత్రి నడవాలి, మాటకు బదులు చేతి సైగ చాలాలి. పోయిన తొవ్వన మళ్లీ రావద్దు. ఇవన్నీ అన్నల దళాల అలవాట్లే. వ్యాస్ వాటినే అన్నల మీదికి తిప్పాడు. తర్వాత ఇరవై ఏళ్లలో ఉత్తర తెలంగాణ అడవుల్లో దళాలు పలచబడటానికి ఈ నడక పెద్ద కారణం. ఆ అడవుల్లో జరిగినవన్నీ నిజమైన ఎదురుకాల్పులు కావని పౌరహక్కుల సంఘాలు మొత్తుకుంటూనే వచ్చాయి. ఆ లెక్క ఇంకా తేలాల్సే ఉంది. చచ్చినవాళ్లు మాత్రం అటూ ఇటూ మన ఊళ్ల పిల్లలే.

వ్యాస్ ఆ ఫలితం చూడలేదు. 1993 జనవరి 27న హైదరాబాద్ లాల్‌బహదూర్ స్టేడియంలో వ్యాయామం చేస్తుండగా నక్సలైట్లు కాల్చి చంపారు. అడవిలో అడుగడుగునా జాగ్రత్త చెప్పినవాడు పట్నం నడిబొడ్డున, ఏ మాటూ లేని మైదానంలో పోయాడు.

ఆయన నేర్పిన దండుకు పెద్ద దెబ్బ 2008 జూన్ 29న తగిలింది. ఒడిశాలోని మల్కన్‌గిరి జిల్లా, సీలేరు నది మీద కట్టిన బలిమెల జలాశయం. చుట్టూ కొండలు, మధ్యలో దాక్కోను చెట్టు కూడా లేని నీళ్లు. కూంబింగ్ ముగించుకుని అరవై మందికి పైగా ఒకే పడవ ఎక్కారు. అలసిపోయి ఉంటారు, నీటి దారి దగ్గరనిపించి ఉంటుంది. నేర్చిన పాఠాలన్నిటికీ ఆ ఒక్క పడవే విరుద్ధం: గుంపుగా, వాహనంలో, అందరికీ తెలిసిన దారిన. కొండ మీద మాటు వేసిన మావోయిస్టులకు గురి చూడాల్సిన పని కూడా లేకపోయింది. తూటాలకు తోడు పడవ మునిగింది. ఒంటి మీద ఆయుధాలు, మందుగుండు, కాళ్లకు బూట్లు. ఈత వచ్చినవాణ్నయినా ఆ బరువు అడుక్కి లాగుతుంది. 38 మంది పోయారు. గజ ఈతగాళ్లు దిగి రోజుల తరబడి వెతికితే గాని శవాలు దొరకలేదు. మైళ్ల కొద్దీ అడవి నడవగలిగిన కాళ్లకు అక్కడ నేలే అందలేదు.

2016 అక్టోబరులో అదే జలాశయం అవతల రామగూడలో గ్రేహౌండ్స్ ముప్పై మంది దాకా మావోయిస్టుల్ని చంపింది. బలిమెల బాకీ తీరిందన్నారు కొందరు. ప్రాణాలకు వడ్డీ లెక్క కట్టే ఆ మాట నాకు మింగుడు పడదు. జలాశయం అవతల చిక్కుకుపోయిన ఊళ్లకు దశాబ్దాల నాన్చుడు తర్వాత 2018 జూలైలో గురుప్రియ వంతెన తెరిచారు. దాని పొడవు 910 మీటర్లు.