జంట ముద్రలు: నిజమేది, భ్రమ యేది?

హైదరాబాదు టంకశాలలో ముద్రితమైన రూపాయి నాణెమును తిప్పి చూచినచో, సంవత్సరపు అంకెల క్రింద చిన్న నక్షత్రము కానవచ్చును. బొంబాయి నాణెముపై ఆ చోట వజ్రాకారపు గుర్తును, నోయిడా నాణెముపై చుక్కయు నుండును. కలకత్తా నాణెమునకు గుర్తే లేదు. సంతలో బేరమాడువారు ఈ చిన్న గుర్తును పట్టించుకొనరు. కాని చరిత్ర తెలియగోరువారికి అదియే నాణెము పుట్టిన యూరి పేరు. ఏ నాణెము తూకమునందుగాని లోహమునందుగాని తక్కువైనచో, ఏ టంకశాలవారు జవాబుదారులో తెలుపుట యీ గుర్తుల ముఖ్య ప్రయోజనము.

ఇట్టి గుర్తు ఒక్కొక్క నాణెముపై జంటగా కానవచ్చును. ఒక అక్షరము ప్రక్కనే దాని నీడవలె మరియొకటి నిలిచియుండును. ఇట్టివానిలో కొన్ని అచ్చును తయారుచేసిన పనివాని చేతి జాడలు. నాణెములు సేకరించువారు వానికి ముఖవిలువను మించిన వెల యిత్తురు. మరికొన్ని ముద్రణయంత్రపు కుదుపువలన కలిగిన వికారములు. వీనికి ప్రత్యేకమైన విలువ లేదు. పైచూపునకు రెండును ఒక్కటిగనే తోచును. ఒకదానిని మరియొకటిగా భ్రమించినవారికి ధననష్టము కలుగును. అంతకు మించిన నష్టము, జరుగని దానిని జరిగినట్లు చరిత్రలో వ్రాసికొనుట. అమెరికా సంయుక్త రాష్ట్రముల నాణెములపై ఈ పరిశీలన మిక్కిలి శ్రద్ధగా జరిగినది గనుక, ఆ దేశపు టంకశాలల కథయే దీనికి తగిన యుదాహరణము.

ఆ దేశమున 1792లో ఫిలడెల్ఫియా నగరమున మొదటి టంకశాల యేర్పడెను. 1838లో షార్లెట్, డలోనెగా, న్యూ ఆర్లియన్స్ పట్టణములందలి శాఖలు నాణెములు ముద్రింప నారంభించినవి. ఏ నాణెము ఎక్కడిదో తెలియుటకై ఆయా పేర్ల మొదటి అక్షరములు ముద్రలైనవి. తరువాత 1854లో శాన్ ఫ్రాన్సిస్కోకు ‘ఎస్’, 1870లో కార్సన్ సిటీకి ‘సిసి’, 1906లో డెన్వరుకు ‘డి’ గుర్తులు వచ్చినవి. డలోనెగా శాఖ 1861లోనే మూతపడుటచే డెన్వరు గుర్తుతో చిక్కు కలుగలేదు.

శాఖ ఎచ్చట నున్నను, అచ్చులు మాత్రము ఫిలడెల్ఫియాలోనే తయారగుచుండెను. బొమ్మయు, అక్షరములును అచ్చులో దిగిన తరువాత, శాఖ గుర్తును పనివాడు విడిగా చేతితో దించెడివాడు. కొనయందు అక్షరము చెక్కిన యుక్కు కడ్డీని అచ్చుపై నిలిపి సుత్తితో కొట్టుట ఆ పని. ఒక్క దెబ్బకు గుర్తు చాలినంత లోతుగా దిగనిచో మరల కొట్టవలెను. ఈ రెండు దెబ్బల నడుమ కడ్డీ వెండ్రుకవాసి కదలినను, అచ్చులో రెండు గుంటలు పడును. ఒకప్పుడు వంకరగా పడిన గుర్తును సరిచేయుటకై మరల కొట్టుటయు గలదు. ఇదియే నిజమైన జంట ముద్ర.

గుంట అచ్చులోనే యున్నది గనుక, బిళ్ళలోని లోహము ఆ రెండు గుంటలలోనికిని పొంగి యెక్కును. కావున నాణెముపై రెండు రూపములును ఉబ్బి, గుండ్రని అంచులతో నుండును. అక్షరపు కొనలయందు చీలిక స్పష్టముగ కనబడును. జంటయైన అక్షరము ఒంటి అక్షరముకంటె వెడల్పుగా నుండును. ఆ అచ్చునుండి వెలువడిన ప్రతి నాణెముపైనను అదే జంట, అదే దిక్కున, అదే దూరమున నుండును.

యంత్రపు కుదుపువలన కలుగు జంట యిట్టిది కాదు. అచ్చు బిగువు సడలినపుడు, దెబ్బ పడిన మరుక్షణమున అది కొంచెము ప్రక్కకు జరుగును. అప్పటికే పొంగి నిలిచిన అక్షరపు అంచును అది రాచి అణగద్రొక్కును. ఇచ్చట క్రొత్తగా లోహము పొంగుట లేదు; ఉన్న లోహమే ప్రక్కకు నెట్టబడుచున్నది. అందుచేత రెండవ రూపము పల్లముగా, చదునుగా, మెట్టువలె నుండి, రాపిడిచే మెఱయుచుండును. అక్షరము వెడల్పు పెరుగదు. పైపెచ్చు దాని పైభాగము సన్నబడును. ఒక నాణెముపై నున్నట్లు మరియొక నాణెముపై నుండవలెనన్న నియమము లేదు. భూతద్దముతో చూచునపుడు వెలుతురును ఒక ప్రక్కనుండి మరియొక ప్రక్కకు మార్చి చూచినచో ఉబ్బునకును మెట్టునకును గల భేదము తెలియును.

కంటికంటె బలమైన సాక్ష్యము మరియొకటి గలదు. అది పని జరిగిన వరుస. 1969లో శాన్ ఫ్రాన్సిస్కోలో ముద్రితమైన ఒక రకపు సెంటు నాణెముపై సంవత్సరమును అక్షరములును జంటగా నున్నవి. ‘ఎస్’ గుర్తు మాత్రము ఒంటిగా నున్నది. బొమ్మను అచ్చులో దించుటకు ఆ దినములలో ఒకటికంటె నెక్కువసార్లు ఒత్తెడివారు. ఆ యొత్తిడిలో ఎడమ కలిగి బొమ్మయు అక్షరములును జంటలైనవి. శాఖ గుర్తు ఆ తరువాత చేతితో దిగినది గనుక దానికి ఆ దోషము సోకలేదు. అదే సంవత్సరపు మరి కొన్ని నాణెములపై అంకెలతోపాటు ‘ఎస్’ కూడ అదే దిక్కునకు జరిగియుండును. అది యంత్రపు కుదుపే. ఏలయన నాణెముపై అచ్చు జరిగినపుడు దానిలోని యక్షరము లన్నియు కలిసియే జరుగును. నిజమైన నాణెములు మొదట దొరకినపుడు, ప్రభుత్వపు సీక్రెట్ సర్వీసు శాఖవారు కొన్నింటిని నకిలీలని స్వాధీనపరచుకొనిరి. అవి టంకశాలలో పుట్టినవే యని తరువాత తేలెను. తీర్పు తొందరపాటుతో చేసినచో అధికారులును పొరబడుదురు.

ఈ వివేచన ధనమునకు మాత్రమే గాక చరిత్రకును అవసరము. నెవాడా వెండిగనుల సమీపమున వెలసిన కార్సన్ సిటీ టంకశాలలో నాణెముల ముద్రణ 1893లో ఆగెను. 1899లో దానికి టంకశాల హోదాయే పోయెను. అచ్చట మిగిలిన అచ్చులు వ్యర్థము కాకుండ, వానిపై న్యూ ఆర్లియన్స్ గుర్తయిన ‘ఓ’ కొట్టబడెను. అందుచే 1900 నాటి కొన్ని వెండి డాలర్లపై ‘ఓ’ అక్షరపు అడుగున ‘సిసి’ జాడలు నేటికిని కనబడును. మూతపడిన యొక టంకశాల తుదిపలుకు అది. అట్లే 1938 నాటి కొన్ని అయిదు సెంట్ల నాణెములపై ‘డి’ క్రింద ‘ఎస్’ ఉన్నది. ఆ సంవత్సరమున ఆ దున్నపోతు బొమ్మ నాణెమును డెన్వరు మాత్రమే ముద్రించెను. శాన్ ఫ్రాన్సిస్కోకై గుర్తు వేసిన అచ్చులు వాడుకకు రాక డెన్వరు పాలైనవి. యంత్రపు మెట్టును చూచి అడుగున మరియొక అక్షర మున్నదని భ్రమించువారు, జరుగని యిట్టి కథలను కల్పించుకొందురు.

చేతితో గుర్తు కొట్టు ఆచారము క్రమముగా తొలగెను. 1985 నుండి సేకర్తలకై ప్రత్యేకముగా ముద్రించు నాణెములకును, 1990లో వాడుకలోని ఒక సెంటు, అయిదు సెంట్ల నాణెములకును, 1991లో తక్కిన వానికిని గుర్తును మూలపు అచ్చులోనే చేర్చిరి. నాటినుండి ప్రతి అచ్చునకును విడిగా సుత్తి దెబ్బ అక్కరలేక పోయినది. కావున తరువాతి కాలపు నాణెముపై గుర్తు జంటగా కనబడినచో, మొదట యంత్రపు కుదుపునే శంకింపవలెను.

తాళపత్ర గ్రంథమున లేఖకుని దిద్దుబాటు వేఱు, పురుగు తొలిచిన రంధ్రము వేఱు. మొదటిది మనుష్యుని యుద్దేశమును తెలుపును. రెండవది ఆకునకు కలిగిన హానిని మాత్రమే తెలుపును. నాణెములందును ఇట్టిదే భేదము. నాణెమన్న మాటకు తెలుగున శ్రేష్ఠత యను అర్థమును గలదు. ఆ శ్రేష్ఠతను తెలిసికొనుటకు పూర్వము షరాబులు చెవిని, వ్రేళ్లను నమ్ముకొనిరి. జంట ముద్రను తెలిసికొనగోరువారు భూతద్దమును చేతబట్టుటకు ముందు, అచ్చు ఎట్లు తయారైనదో తెలిసికొనవలెను. తయారీ తెలిసినవానికి నాణెము తన కథను తానే చెప్పుకొనును.