ఉప్పులో విరిగిన రాయి

1987 మే 12. జర్మనీలోని గోర్లేబెన్. నిట్టనిలువుగా తవ్వుతున్న ఒకటో షాఫ్ట్ అడుగున కార్మికులున్నారు. చుట్టూ నీరూరే నేల. కూలకుండా ఆ నేలనే గడ్డకట్టించారు. గోడల్లోంచి చలి కొడుతోంది. అయినా ఒత్తిడి లోపలికి తోస్తూనే ఉంది. దానికి అడ్డంగా ఉక్కు రింగులు బిగిస్తున్నారు. ఒక రింగు జారింది. కింద మనుషులు.

ఒక కార్మికుడు చనిపోయాడు. పలువురు గాయపడ్డారు. పని ఆగిపోయింది. అసలు అంత లోతుకు వాళ్లెందుకు దిగినట్టు?

పదేళ్లు వెనక్కి వెళ్లాలి. 1977 ఫిబ్రవరి 22న లోయర్ శాక్సనీ ముఖ్యమంత్రి ఎర్న్‌స్ట్ ఆల్‌బ్రెక్ట్ ఆ ఊరి పేరు ప్రకటించాడు. దేశంలోని అణు వ్యర్థాలకు చోటు అక్కడి ఉప్పు గుమ్మటంలోనే అన్నాడు. జనం భగ్గుమన్నారు. 1979 మార్చిలో రైతులు ట్రాక్టర్లెక్కి హానోవర్‌కు బయల్దేరారు. ఇంకా దారిలో ఉండగానే 28న అమెరికా నుంచి కబురొచ్చింది: త్రీ మైల్ ఐలాండ్ అణు కేంద్రంలో ప్రమాదం. 31న హానోవర్ వీధుల్లో లక్షమంది దాకా. మరుసటి ఏడాది మే 3న 1004 అనే డ్రిల్లింగ్ స్థలాన్ని ఆక్రమించి గుడిసెలేశారు. జూన్ 4న పోలీసులు వాటిని నేలమట్టం చేశారు. డ్రిల్లింగ్ మాత్రం ఆగలేదు. లోపల ఏముందో చూడాలి. ఆ ఉప్పులో ఉప్పు ఒక్కటే లేదు మరి.

ఉప్పు రాయే. కానీ ప్రవహించే రాయి. సుమారు 25 కోట్ల ఏళ్ల కిందట సముద్రం ఆరిపోయి పొరలు పొరలుగా పడిన ఆ ఉప్పు, నెత్తినున్న రాళ్ల బరువుకు నలిగి, తనకంటే బరువైన పొరల్ని చీల్చుకుంటూ మెల్లమెల్లగా పైకి ఉబికి, చివరికి 14 కిలోమీటర్ల పొడవున గుమ్మటమై నిలిచింది. దాని మధ్యలో ఒక మొండి పొర ఉంది. అన్‌హైడ్రైట్. నీళ్లు లేని జిప్సం అనుకోండి. అది ప్రవహించదు. ఉప్పు లాగితే తెగుతుంది. నొక్కితే మడత పడుతుంది.

కృష్ణలో మూసీ కలిసే మన వాడపల్లి చుట్టుపక్కల క్వారీల్లో కనిపించే సున్నపురాయి పొరలున్నాయే, అవి అలాంటి ఉప్పులో చిక్కినా గతి ఇంతే. ముందు పగుళ్లు. తర్వాత ముక్కలు. పిండిముద్దలో పెట్టి సాగదీసిన అప్పడంలా, ముక్కకూ ముక్కకూ మధ్య ఉప్పు దూరిపోతుంది. ఉప్పులో పడ్డ పగులు కాలక్రమంలో తనంతట తానే పూడుతుంది. మొండి రాతిలో పడ్డది అంత తేలిగ్గా పూడదు. ఉప్పునీరూ గ్యాసూ అందులో దాక్కుంటాయి. ఆ పొర ఎక్కడా తెగకుండా పైదాకా సాగి ఉంటే? లక్షల ఏళ్లు దాచాల్సిన విషానికి అదే దారి.

1996. రెండు షాఫ్టుల్ని భూమిలో 840 మీటర్ల లోతున కలిపారు. సొరంగపు గోడల నిండా మెలికలు తిరిగిన ఉప్పు చారలు. అన్‌హైడ్రైట్ కూడా దొరికింది. ఏ రూపంలో?

దిమ్మెలు దిమ్మెలుగా. ఒకదానికొకటి తెగి, మధ్యలో ఉప్పు నిండి. పైదాకా సాగే దారి లేదని ప్రభుత్వ భూవిజ్ఞాన సంస్థ బీజీఆర్ తేల్చింది. రాయి విరగడమే అక్కడ భరోసా. కానీ ఆ పగుళ్లలో ఉప్పునీరు తగిలింది. వ్యతిరేకులు దాన్ని వదల్లేదు. వాళ్లు అడిగింది న్యాయమైన ప్రశ్నే. తాళం వేసిన గదిలో తడి ఎక్కడిది?

2020 సెప్టెంబరు 28. చోటు వెతికే సంస్థ బీజీఈ జాబితా బయటపెట్టింది. దేశవ్యాప్తంగా 90 ప్రాంతాలు. గోర్లేబెన్ పేరు లేదు. ప్రధానంగా దెబ్బ కొట్టింది లోపలి మొండి పొర కాదు, పైకప్పు. మంచుయుగంలో ఏర్పడిన లోతైన కోత ఒకటి గుమ్మటం నెత్తిదాకా దిగి, పైనున్న రక్షణ పొరల్ని తినేసింది.

జాబితాలో ఉప్పు గుమ్మటాలు ఇంకా చాలానే మిగిలాయి. ఆ మొండి పొర వాటిలో ఎక్కడ తెగిందో, ఎక్కడ తెగలేదో డ్రిల్లు దించి చూడాల్సిందే.