వాన లెక్క

ధాన్యం కొట్టు ముందు ఒక కుండ పెట్టమన్నాడు కౌటిల్యుడు. దాని మూతి మూరెడు వెడల్పు ఉండాలి. వాన ఎంత పడిందో దాంతో కొలవాలి. ఏ పంట వేయాలో ఆ కొలతను బట్టి తేల్చుకోవాలి. ఏ సీమలో ఎన్ని ద్రోణాల (అది అప్పటి కొలత) వాన పడుతుందో కూడా ఆయన అర్థశాస్త్రంలో ఉంది. మెట్ట సీమల్లో 16, అవంతిలో 23, అశ్మకంలో పదమూడున్నర. అశ్మకం గోదావరి ఒడ్డు సీమ. దాని రాజధాని పోదనం ఇప్పటి నిజామాబాద్ జిల్లా బోధనేనని చాలామంది చరిత్రకారుల మాట. అంటే మన వానకు అంత పాత అంకె ఒకటుందన్నమాట. అయితే ఆ కుండ పంట కోసం, ఖజానా కోసం పెట్టింది. ఏట్లో పారే నీళ్ళకు ఆ వాన చాలుతుందా అన్న ప్రశ్న ఆ పుస్తకంలో లేదు.

నీటి చరిత్రలో అసలు ముడి ఆ ప్రశ్నే. ఎండకు నీరు పైకి పోయి మబ్బై కురుస్తుందని మన పూర్వులకూ తెలుసు, గ్రీకులకూ తెలుసు. వాళ్ళకు ఎంతకీ అంతుబట్టనిది నేల మీది సంగతి. వానలు వెళ్ళి ఆరు నెలలైనా ఏరు ఎందుకు పారుతోంది? కొండల లోపలి చలికి గాలి కూడా నీరవుతుందని, వానకు అది తోడవుతుందని అరిస్టాటిల్ అన్నాడు. సముద్రపు నీరే భూగర్భపు దారుల వెంట కొండల్లోకి ఎక్కి ఊటలవుతోందని కిర్షర్ అనే జెసూట్ పండితుడు 1665లో బొమ్మలతో సహా అచ్చు వేశాడు. ఇప్పుడు నవ్వొస్తుంది గానీ, వైశాఖంలో నెర్రెలిచ్చిన కొండ కింద తొణకని చెలమను చూసినవాడికి అలాంటి అనుమానం రాకపోతేనే వింత.

వాన తప్ప ఊటలకు వేరే మూలం లేదని 1580లోనే తెగేసి చెప్పింది ఫ్రాన్సులో ఒక కుమ్మరి, బెర్నార్ పలిసీ. మెరుగుపూత రహస్యం కోసం ఇంట్లో బల్లలు విరగ్గొట్టి ఆవంలో వేసిన మనిషి. లాటిన్ రాదు. పండితులు చెప్పారంటే నమ్మే రకమూ కాదు. కానీ అతని మాటకు అంకెల బలం లేదు. అంతకు వెయ్యేళ్ళ ముందే మన వరాహమిహిరుడు బృహత్సంహితలో భూమి లోపలి నీటి నరాల గురించి, ఏ చెట్టు పక్కన ఏ పుట్ట ఉంటే ఎంత లోతున జల పడుతుందన్న దాని గురించి ఒక అధ్యాయమే రాశాడు. బావి తవ్వేవాడికి పనికొచ్చే చదువు అది. దాంట్లోనూ లోతులున్నాయి గానీ రాకపోకల లెక్క లేదు.

ఆ లెక్క కట్టినవాడు కూడా ఖజానా మనిషే కావడం నాకు భలే ముచ్చటగా ఉంటుంది. పియేర్ పెరో పారిస్‌లో పన్ను వసూళ్ళ అధికారి. జమాఖర్చుల్లో తేడా వచ్చి 1664లో కొలువు పోయింది. సిండరెల్లా కథ రాసిన చార్లెస్ పెరోకు స్వయానా అన్న. కొలువు పోయినా కూడికలు, తీసివేతలు ఎక్కడికి పోతాయి? సెయిన్ నది పుట్టిన చోటు నుంచి కొంత మేర, నీళ్ళన్నీ నదిలోకే వాలే నేలను ఎంచుకున్నాడు. మూడేళ్ళ సగటు వాన ఏడాదికి 19 అంగుళాల చిల్లర. అంత నేల మీద అంత వాన అంటే పీపాల్లో సుమారు 22 కోట్ల 49 లక్షలు. నదిలో ఏడాదికి పారింది 3 కోట్ల 64 లక్షల పీపాలు. ఆరో వంతు! 1674లో పేరు వేసుకోకుండానే పుస్తకం తెచ్చాడు. నది పారకాన్ని అతను కట్టింది ఉజ్జాయింపుగానే. మరియట్ అనే శాస్త్రవేత్త పారిస్‌లో నీటి మీద మైనపు ఉండ వదిలి, వడి కొలిచి చూస్తే అక్కడా ఆరో వంతుకు లోపే తేలింది. వాన చాలదన్న రెండువేల ఏళ్ళ అనుమానం ఆ దెబ్బతో తీరింది.

కొత్త అనుమానం మొదలైంది. మిగతా అయిదు వంతులూ ఏమైనట్టు?

తోకచుక్క పేరుతో మనకు తెలిసిన హేలీ, నక్షత్రాల పటం గీయడానికి 1677లో సెయింట్ హెలీనా దీవిలో కొండెక్కి కూర్చున్నాడు. సముద్రానికి 800 గజాల ఎత్తు. రాత్రయితే దూరదర్శిని అద్దాలకు చెమ్మ పట్టేసేది. ఏడెనిమిది నిమిషాలకోసారి తుడవాలి. కాగితం తడిసి సిరా నిలిచేది కాదు. చల్లటి మజ్జిగ చెంబుకు చెమట పట్టడం మనం రోజూ చూసేదే. హేలీ మాత్రం ఆ చెమ్మ ఎంత ఉంటుందో అని ఆలోచనలో పడ్డాడు. తర్వాత లండన్‌లో ఒక గిన్నెలో ఉప్పునీళ్ళు పోసి, ఎండాకాలపు గాలికున్నంత వేడి చేసి, త్రాసుకు వేలాడదీశాడు. రెండు గంటల్లో అర ఔన్సు తగ్గింది. దాన్ని మధ్యధరా సముద్రానికి కడితే ఎండ రోజున 528 కోట్ల టన్నులు పైకి పోతున్నట్టు తేలింది. నదులు తెచ్చిపోసేది అందులో మూడో వంతు. అచ్చయింది 1687లో.

నేల మీద ఖర్చు రాసింది స్టీఫెన్ హేల్స్ అనే పాదిరి. 1724 జూలైలో మూడున్నర అడుగుల పొద్దుతిరుగుడు మొక్కను కుండీలో పెట్టి, మట్టి మీద సీసపు రేకు మూసి, పొద్దునా సాయంత్రం తూచాడు. పగటి పూట సగటున 20 ఔన్సులు ఆకుల గుండా గాల్లో కలుస్తున్నాయి. ఒక్క మొక్క, అరలీటరుకు పైగా నీళ్ళు.

తర్వాతి రెండు శతాబ్దాల్లో చాలా జరిగింది గానీ ఎక్కువ భాగం ఈ పద్దుల్ని సరిదిద్దడమే. ఒక అంచనా ప్రకారం ఏటా సముద్రాల నుంచి 4,13,000 ఘన కిలోమీటర్ల నీరు ఆవిరవుతుంది. 3,73,000 తిరిగి సముద్రంలోనే కురుస్తుంది. గాలి మోసుకొచ్చే 40,000 మాత్రమే నేలకు కొత్త జమ. నేల మీద పడే వాన 1,13,000. అందులో 73,000 చెట్లూ మడులూ చెరువులూ మళ్ళీ పైకి పంపిస్తాయి. ఆ నీరే ఇంకోచోట వానై దిగుతుంది. మిగిలిన 40,000 సముద్రానికి చేరుతుంది.

ఇంకే నీటి పద్దు మరొకటి ఉంది. వాన పడ్డ మర్నాడు మన రైతు పారతో మట్టి తిరగేసి పదును బెత్తెడు దిగిందా, జానెడు దిగిందా అని చూస్తాడు. హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలూ దాదాపు ఇదే పని చేశారు. వానాకాలానికి ముందు ట్రిటియం అనే రేడియోధార్మిక హైడ్రోజన్ కలిపిన నీటిని నేలలోకి ఎక్కించి, వానలు వెళ్ళాక తవ్వి, దాని జాడ ఎంత కిందికి దిగిందో చూశారు. రాతి నేలల్లో పడ్డ వానలో భూగర్భజలాన్ని చేరేది చిన్న వాటాయేనని తేలింది. బోరు వేసిన ప్రతివాడికీ అది అనుభవమే.

2002లో ఎగిరిన గ్రేస్ ఉపగ్రహాల జంట ఆ నీటిని ఏకంగా ఆకాశం నుంచే తూచింది. కింద నీటి బరువు మారితే ఆకర్షణ మారి, ఆ రెంటి మధ్య 220 కిలోమీటర్ల ఎడం కాస్త అటూ ఇటూ అయ్యేది. 2002 నుంచి 2008 మధ్య రాజస్థాన్, పంజాబ్, హర్యానాల కింద 109 ఘన కిలోమీటర్ల భూగర్భజలం తరిగిపోయిందని ఆ తూకం 2009లో చెప్పింది. కానీ ఆ త్రాసుకు రాష్ట్రమంత నేల ఆనేది గానీ ఊరు ఆనేది కాదు. ఊరి వాన సంగతి కావాలంటే, చేత్తో కొలిచే వర్షమాపకం ఉన్నచోట పొద్దున్నే ఎనిమిదిన్నరకు ఎవరో ఒకరు వెళ్ళి, దాని సీసాలో నీళ్ళు గాజుగొట్టంలోకి వంచి, మిల్లీమీటర్లు చూసి, రిజిస్టరులో రాయాలి.