అస్థిర విమానానికి సుస్థిరత

హోసూరు–సర్జాపుర రహదారుల పేరిట వెలసిన హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌కు ఉత్తరాన, బెంగళూరు పాత విమానాశ్రయం నుండి 2001 జనవరి 4న మన తేలికపాటి యుద్ధవిమానం తొలిసారి గగనతలానికి ఎగసింది. కార్యక్రమ సారథి డాక్టర్ కోట హరినారాయణ. నడిపినవారు రాజీవ్ కొఠియాల్. 2003లో దానికి తేజస్ అని నామకరణం జరిగింది.

చురుకుదనం కోసం ఆ విమానాన్ని కావాలనే అస్థిరంగా రూపొందించారు. దానిని నిలకడగా ఉంచవలసినది కంప్యూటరే. ముక్కు లేచిన సంగతి గ్రహించి, రెక్క అంచులను కదిలించి సరిదిద్దేలోపు కొంత ఆలస్యం తప్పదు. ఉయ్యాలను ఆపబోయి అదను తప్పి నెట్టితే ఊపు పెరుగుతుంది కదా! ఆలస్యం సగం ఊపుకు, అనగా 180 డిగ్రీలకు చేరితే దిద్దుబాటే తప్పును పెంచుతుంది. తప్పు ఎంతో సవరణా అంతే బలంగా తిరిగివచ్చే పౌనఃపున్యం వద్ద, ఆ హద్దుకు ఇంకా మిగిలిన డిగ్రీలే ఫేజ్ మార్జిన్. టెలిఫోను ఆంప్లిఫయర్ల నిమిత్తం 1932లో నైక్విస్ట్ వేసిన పునాదిపై బోడె ఈ లెక్కను తీర్చిదిద్దాడు. విమానాలకు సాధారణంగా 45 డిగ్రీలు కోరతారు.

ఇది కాగితపు లెక్క కాదు. స్వీడన్ గ్రిపెన్ విమానాలు 1989లో, 1993లో ఇటువంటి ఊగిసలాటకే కూలాయి. 1993లో అంచులు ఆజ్ఞల వేగాన్ని అందుకోలేక ఆలస్యం పెరిగింది. వైమానికుడు రెండుసార్లూ బ్రతికి బయటపడడం అదృష్టమే.

అందువలన బెంగళూరు బృందం తన సూత్రాలను అమెరికాలో ఒక ఎఫ్-16పై ముందుగా పరీక్షించింది. 1998 పోఖ్రాన్ అణుపరీక్షల పిదప ఆంక్షలతో ఆ తలుపు మూతపడింది. మిగిలిన పని ఇక్కడే సాగింది. విమానం లేచేసరికి రెండున్నర ఏళ్ళు దాటాయి.