సున్నపు గోడ, కాగితపు తొడుగు

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతపు ఇళ్ల గోడల చరిత్రలో కాగితానికి దక్కే చోటు చాలా తక్కువ, ఎందుకంటే అందులో సింహభాగం సున్నానిదే. హుజూర్‌నగర్, మేళ్లచెరువు, వాడపల్లి వైపు నేలలో విస్తారంగా ఉన్న సున్నపురాయి తరువాతి కాలంలో సిమెంటు కర్మాగారాలను రప్పించింది గాని, అంతకు ముందు ఇల్లు కట్టుకునేవారికి ఆ రాయి అంటే బట్టీలో కాల్చిన సున్నమే. సుమారు 900 డిగ్రీల వేడికి రాయిలోని బొగ్గుపులుసు వాయువు పోయి మిగిలిన రాతిసున్నం మీద నీళ్లు పోస్తే అది కుతకుత ఉడికి మెత్తబడుతుంది. దానిని ఇసుకతో కలిపి గానుగలో నూరితే గోడ కట్టడానికి, గిలాబు చేయడానికి పనికివచ్చే డంగు సున్నం అవుతుంది. పలుచగా కలిపి, గుడ్డలో వడగట్టి, చిటికెడు నీలిమందు, కాస్త గంజి చేరిస్తే గోడకు వేసే వెల్ల అవుతుంది. గోడ మీదికి చేరిన సున్నం గాలిలోని అదే వాయువును తిరిగి పీల్చుకుని మళ్లీ రాయిగా మారుతుంది కనుక, ఏటా దసరాకో సంక్రాంతికో పెళ్లికో వేసే వెల్ల గోడకు అందాన్ని ఇవ్వడంతోపాటు పలుచని రాతిపొరను కూడా చేర్చేది. దాని ఘాటైన క్షారగుణం వల్ల బూజు నిలవదు, దాని సూక్ష్మరంధ్రాల గుండా గోడలోని చెమ్మ ఆరిపోతుంది. గోడ అడుగున జాజు, అంటే ఎర్రమట్టి రంగు, పట్టెగా తీర్చేవారు.

గోడ మీద బొమ్మ ఈ నేలకు కొత్త కాదు. సూర్యాపేటకు చేరువలోని పిల్లలమర్రిలో, కాకతీయుల కాలపు నామేశ్వరాలయంలో, క్షీరసాగర మథనాన్ని చిత్రించిన వర్ణచిత్రపు ఆనవాళ్లు కనిపిస్తాయి.

గోడకు అతికించే కాగితం వేరే దారిన పుట్టింది. 17వ శతాబ్ది చివర చైనా నుంచి ఓడల్లో వెళ్లిన చేతిచిత్రాల కాగితాలు ఐరోపా సంపన్నుల గదుల్లో వెలిశాయి. అయితే వాటికంటే ముందే ఆ గోడలకు, మంచాలకు అలంకారంగా వేలాడినవి కృష్ణా తీరపు అద్దకపు బట్టలు. గోల్కొండ రాజ్యపు ప్రధాన రేవైన మచిలీపట్నంలో డచ్చివారు 1605లో, ఇంగ్లీషువారు 1611లో అడుగుపెట్టి, చిరివేరు ఎరుపుతో మెరిసే ఆ కలంకారీ బట్టలను ఎగుమతి చేశారు. స్థానిక నేతగాళ్ల గగ్గోలుతో ఫ్రాన్సు 1686లో, ఇంగ్లండు 1701 నుంచి దశలవారీగా వాటిని నిషేధించగా, ఆ లతలూ పూలూ కాగితం మీదికి ఎక్కి కూర్చున్నాయి. హైదరాబాదు నుంచి సూర్యాపేట, కోదాడల మీదుగా నేటి 65వ నంబరు జాతీయ రహదారి చేరేది ఆ మచిలీపట్నానికే. పరదేశపు గోడలకు పూల నమూనాలు ఇచ్చిన తెలుగు నేల తన గోడను మాత్రం తెల్లగానే ఉంచుకుంది. అది పేదరికం ఒక్కదానివల్ల జరిగినది కాదు, వాతావరణం తెలిసినవారు చేసుకున్న ఎంపిక. వానాకాలపు చెమ్మకు కాగితం ఉబ్బుతుంది, పిండి జిగురు చెదలను, వెండిపురుగులను పిలుస్తుంది, సున్నం పొడిగా రాలే గోడ జిగురును పట్టదు.

కాగితం ఇక్కడి గోడకు చేరింది పటంగానే. రవివర్మ 1894లో బొంబాయిలో నెలకొల్పిన ముద్రణాలయం రంగుల లక్ష్మీ సరస్వతులను మధ్యతరగతి ఇళ్లకు చేర్చింది. ఆ తరువాత శివకాశి క్యాలెండర్లు ప్రతి దుకాణం పేరుతోనూ గోడలెక్కాయి. సంవత్సరం ముగిసినా దేవుడి బొమ్మను పారవేయక, అంకెల భాగాన్ని కత్తిరించి గూటి పక్కన అంటించడం, అరల్లో పాత పత్రికలు పరవడం ఈ ప్రాంతపు వాడుక. జిగురుగా మైదాపిండిని నీళ్లలో ఉడికించి, పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం కలిపేవారు. పాతకాలపు గోడకాగితాన్ని అతికించే పద్ధతి కూడా దీనికి దగ్గరిదే: పిండి జిగురు రాసిన కాగితాన్ని కొద్దిసేపు నాననిచ్చి, తూకపు గుండుతో నిలువుగీత తీసి, ఒక పట్టీ పూవు పక్క పట్టీ పూవుతో కలిసేలా పైనుంచి కిందికి కుంచెతో అదమాలి.

ఇటీవల మిర్యాలగూడ, కోదాడ దుకాణాల్లో దొరికేవి చాలావరకు ప్లాస్టిక్ పొరగల కాగితాలు. సిమెంటు గోడకు, పుట్టీ పూసిన గదికి అవి సరిపోవచ్చు గాని, డంగు సున్నపు గోడ మీద అంటిస్తే చెమ్మ బయటికి పోయే దారి మూసుకుపోయి, లోపలి పూత పొట్టులా రాలిపోతుంది. తాతల నాటి సున్నపు ఇల్లు ఉన్నవారు ఆ గోడను గీకించే ముందు, ఇంకా సున్నం పని తెలిసిన మేస్త్రీని ఒకసారి పిలిచి చూపించుకోవాలి.