బాసెల్ వలలో పడ్డ ప్రోటమిన్

గుడ్లు పెట్టే కాలం వచ్చిందంటే సాల్మన్ చేపలు సముద్రం విడిచి రైన్ నదికి ఎదురీదుతూ స్విట్జర్లాండ్‌లోని బాసెల్ దాకా వచ్చేవి. దారిలో మేత ముట్టవు. ఒంట్లో కండ కరిగి ఆడచేపలో గుడ్లుగా, మగచేపలో వీర్యంగా మారుతుంది. ఫ్రీడ్రిష్ మీషర్‌కు కావలసింది ఆ వీర్యమే.

1869లో ఆయన జర్మనీలో, ట్యూబింగెన్ కోట వంటగదిని ప్రయోగశాలగా మార్చిన చోట, ఆస్పత్రి కట్లకు అంటిన చీము కడుగుతూ గడిపాడు. ఆ చీములోని తెల్లకణాల కేంద్రకాల్లోంచి ఫాస్ఫరస్ దండిగా ఉన్న పదార్థమొకటి తీసి ‘న్యూక్లియిన్’ అని పేరు పెట్టాడు. ఇప్పుడు మనం డీఎన్‌ఏ అనేది దాన్నే. చీముతో చిక్కేమిటంటే, కేంద్రకం చుట్టూ వేరే సరుకు చాలా ఉంటుంది. శుక్రకణానికి ఆ బెడద తక్కువ, దాని తలంతా దాదాపు కేంద్రకమే. సొంతూరు బాసెల్ చేరాక మీషర్ తెల్లవారకముందే చేపల కోసం వెళ్లేవాడు. తెచ్చింది పాడవకుండా చలికాలంలో కిటికీలు బార్లా తెరిచి, నిప్పు లేని గదిలో పనిచేసేవాడు. (ఫ్రిజ్ లేని రోజులు మరి.) న్యూక్లియిన్‌ను అంటిపెట్టుకున్న క్షార పదార్థమొకటి అక్కడ దొరికింది. 1874లో దాన్ని ‘ప్రోటమిన్’ పేరుతో ప్రకటించాడు.

దాని లోగుట్టు ఆల్‌బ్రెక్ట్ కోసెల్ విప్పాడు. 1884లో బాతుజాతి పక్షి రక్తకణాల్లో హిస్టోన్ అనే ప్రోటీన్‌ను కనిపెట్టింది కూడా ఆయనే. సాల్మన్ ప్రోటమిన్‌లో మూడింట రెండు వంతులు ఆర్జినిన్ అనే ఒక్క అమైనో ఆమ్లమే. ఆర్జినిన్‌ది ధనావేశం, డీఎన్‌ఏది రుణావేశం. మామూలు కణంలో డీఎన్‌ఏ హిస్టోన్ ఉండల చుట్టూ దారంలా తిరుగుతుంది. శుక్రకణంలో ప్రోటమిన్ ఆ ఉండలను తోసేసి దారాన్ని బిగించేస్తుంది. 1990లలో సూక్ష్మదర్శినికి అది నీళ్లబిందె కింద తలమీద పెట్టుకునే చుట్టకుదురులా కనిపించింది. ఒక్కో కుదురులో సుమారు 50,000 అక్షరాల డీఎన్‌ఏ.

అన్ని ప్రాణుల్లో కథ ఒకటే కాదు. మనిషి శుక్రకణంలో 5 నుంచి 15 శాతం దాకా హిస్టోన్లు మిగిలే ఉంటాయి. క్రోమోజోమ్‌ల నడుములు లోపల గుంపుకడితే కొసలు అంచుకు చేరతాయి. ప్లాటిపస్, ఎకిడ్నాల శుక్రకణం తల సన్నని తీగ. అందులో క్రోమోజోమ్‌లు గూడ్సుబండి పెట్టెల్లా ఒకదాని వెనక ఒకటి, అదీ ఒకే వరసలో ఉంటాయని 1996లో జెన్నిఫర్ గ్రేవ్స్ బృందం చూపించింది.

ఇక మన చెరువుల్లో పెంచే బంగారుతీగ ఉందే, దాని శుక్రకణం ప్రోటమిన్ జోలికే పోదు, హిస్టోన్లతోనే సరిపెట్టుకుంటుంది. ఆ చలి ఉదయాల్లో మీషర్ సాల్మన్‌కు బదులు బంగారుతీగను తెచ్చుకుని ఉంటే, ప్రోటమిన్ ఆయన గాజుపాత్రలోకి వచ్చేదే కాదు.